లేని గేదెకు క్లెయిము

మంగళవారం పొద్దున వీరేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటి బస్సెక్కి తెక్కలకోట పోవాలి, అక్కడొక ఆఫీసు చూడాలి, ఒంటిగంటకల్లా బళ్లారి సత్యనారాయణపేటలో ఇంటికొచ్చి అన్నం తిని ఫ్యాను కింద పడుకోవాలి. ఇంత చిన్న పనిని అతను రెండున్నరేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాడంటే, బద్ధకంలో అతనికున్న పట్టుదలను మెచ్చుకోవాల్సిందే.

వీరేష్ తుంగాసిరి జనరల్ ఇన్సూరెన్స్ అనే బీమా కంపెనీకి బళ్లారి అధికారి. తెక్కలకోట చుట్టుపక్కల పశువుల బీమా మొత్తాన్ని ఆ కంపెనీ కేశవమూర్తి అనే వ్యాపారికి అప్పజెప్పింది. మామూలు ఏజెంటైతే పాలసీ అమ్మి ఊరుకుంటాడు. కేశవమూర్తి మేనేజింగ్ జనరల్ ఏజెంటు. ఏ గేదెకు బీమా ఇవ్వాలి, ఎంత కట్టించుకోవాలి, అది చస్తే పరిహారం ఇవ్వాలా వద్దా, అన్నీ అతనే తేలుస్తాడు. పేరూ ముద్రా కంపెనీవి, పెత్తనం అతనిది. అలాగని కంపెనీ చేతులు దులుపుకోవడానికి లేదు. ఆరునెలలకొకసారి కంపెనీ మనిషి స్వయంగా వెళ్లి, కాగితాలు తిరగేసి, క్లెయిములు ఎవరు తేలుస్తున్నారో కళ్లారా చూసి రిపోర్టు రాయాలి. ఆ మనిషి వీరేషే.

వీరేష్ ఇప్పటికి ఐదు రిపోర్టులు రాశాడు. ఐదూ ఇంట్లో కూర్చుని, ఫోనులో కేశవమూర్తిని నాలుగు ముక్కలడిగి రాసినవే. "స్వయంగా వెళ్లాను. కేశవమూర్తి గారిని కలిశాను. టీ తాగాను. కిటికీలు శుభ్రంగా ఉన్నాయి." కేశవమూర్తి కింద సంతకం చేసి తిప్పి పంపేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది.

సోమవారం సాయంత్రం బెంగళూరు హెడ్డాఫీసు నుంచి చంద్రిక మేడం ఫోను చేయడంతో ఆ స్నేహానికి ఎసరొచ్చింది.

"ఐదు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకోని చూస్తాండాను వీరేష్. ఐదింట్లోనూ కిటికీలు శుభ్రంగా ఉండాయి. రెండున్నరేండ్లలో ఆ ఊర్లో ఒక్కసారన్నా దుమ్ము లేయలేదా?"

వీరేష్ లేచి తన ఇంటి కిటికీ మూశాడు. ఆ చప్పుడునే జవాబుగా తీసుకుందావిడ.

"పని అప్పజెప్పొచ్చు. బాధ్యత అప్పజెప్పేకి లేదు. ఏజెంటు తప్పు చేస్తే కోర్టులో నిలబడేది కంపెనీ. శుక్రవారం మన కాగితాలు చూసేకి ప్రభుత్వం తరఫున రెగ్యులేటర్ మనుషులు వస్తాండారు. ఆరో రిపోర్టు నిజంగా పోయి రాసిందని రుజువు కావల్ల. లేకుంటే నీ ఉద్యోగాన్ని నేను కాపాడలేను. ముందుగా ఫోను చేయొద్దు, ఐడీ కార్డు చూపించొద్దు. బీమా కొనేకొచ్చిన గిరాకీ మాదిరి పోయి చూసి రా."

అందుకే వీరేష్ కార్డును బీరువాలో పెట్టి, నీలం గీతల చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. "అన్నానికొస్తారా?" అని భార్య అనుష అడిగితే, "ఎంతసేపు పని! పప్పు మాత్రం చల్లారనియ్యొద్దు" అని ధీమాగా చెప్పి బస్సెక్కాడు.

తెక్కలకోటలో దిగాక ముగ్గుర్ని అడిగితే గానీ ఆఫీసు దొరకలేదు. దొరికాక అది ఆఫీసని నమ్మడానికి మరికొంతసేపు పట్టింది. అదొక పశువుల దాణా అంగడి. తవుడు బస్తాలు, వేరుశనగ చెక్క బస్తాలు గోడలకు ఆనించి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ముందు పెద్ద షట్టరు, పైన కంపెనీ బోర్డు. మూడు గోడలూ వెతికి చూశాడు. కిటికీ అన్నది ఎక్కడా లేదు.

బస్తాల మధ్య కుర్చీలో డెబ్బై ఏళ్ల పెద్దావిడ కూర్చుని ఉంది. కేశవమూర్తి తల్లి పంపమ్మ. కొడుకు పాలసీలు అమ్మడానికి ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే అంగడి చూసుకునేది ఆవిడే. వీరేష్‌ను ఎగాదిగా చూసి, ఎదురుగా ఉన్న స్టూలు చూపించింది.

"రా నాయనా, కూర్చో. ఏం సచ్చింది?"

బస్సులో ఎండకు వాడిపోయిన మొహంతో గడపెక్కే ప్రతి మగవాణ్ణీ ఆవిడ అదే అడుగుతుంది. పాలసీ ధర అడగాలని సిద్ధపడి వచ్చిన వీరేష్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ వెంటనే బుర్రలో ఒక దీపం వెలిగింది. క్లెయిములు ఎవరు తేలుస్తారన్నదే కదా తను చూడాల్సిన అసలు సంగతి! పశువు చచ్చిందంటే ఆ తతంగమంతా కళ్లముందే జరుగుతుంది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"ఎనుము, అవ్వా" అన్నాడు, మొహం వీలైనంత వేలాడేసి.

పంపమ్మ అయ్యో అని, లోపలి నుంచి పెద్ద లోటాతో మజ్జిగ తెచ్చింది. ఫారమూ తియ్యలేదు, పెన్నూ తియ్యలేదు. ఆ అంగడి పద్ధతి అది. పశువు పోయినవాడు ముందు కూర్చోవాలి, మజ్జిగ తాగాలి, పోయిన పశువు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఆ తర్వాతే కాగితం.

"పేరేంది దానికి?"

గేదెలకు పేర్లుంటాయన్న సంగతి వీరేష్‌కు అప్పుడే తెలిసింది. సరిగ్గా అదే సమయానికి ఒళ్లో ఫోను వణికింది. తెర మీద మెరిసిన పేరు నోటికొచ్చేసింది.

"చంద్రిక" అన్నాడు, ఫోను నొక్కేస్తూ.

"మంచి పేరు. గుణమెట్లుండె?"

వీరేష్‌కు నిన్నటి సాయంత్రం గుర్తొచ్చింది. "గుణం ఏం చెప్పమంటావవ్వా! ఊరికే మీద పడి పొడిచేకి వస్తాండె" అన్నాడు. ఆ ఒక్క మాటా మనస్ఫూర్తిగా చెప్పాడు.

"పాలు?"

"రోజుకు మూడు ప్యాకెట్లు."

పంపమ్మ చేతిలోని విసనకర్ర ఆగింది. మళ్లీ కదిలింది. "యా ఊరు నాయనా మీది?" అని మరింత మెత్తగా అడిగింది. బస్సు కిటికీలోంచి చూసిన నాలుగు ఇళ్లు గుర్తొచ్చి, "కాలువ అవతల కొట్టాలు" అన్నాడు వీరేష్.

ఆ కొట్టాల మనిషి హులిగెప్ప ఎదురు హోటల్లోనే టీ తాగుతున్నాడు. పంపమ్మ కేక వేసింది. అతను గ్లాసు పట్టుకునే వచ్చాడు.

"మీ కొట్టాలాయనంట. ఎనుము సచ్చిందంట. నువ్వు చూస్తివా?"

వీరేష్ స్టూలు అంచుకు జరిగి గడప వైపు చూశాడు. కానీ అతనికి ఆ వైపు మర్యాద తెలియదు. పశువు పోయి కూర్చున్నవాడి మొహం మీద 'నువ్వెవరు, నిన్నెప్పుడూ చూడలేదే' అనడం హులిగెప్ప ఇంటావంటా లేదు. అతను వీరేష్ వైపు జాలిగా చూసి, భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడకేమవ్వా! కాలువ గట్టు మీద పడిండె పాపం, కాళ్లు సాపుకోని. నా రెండు కండ్లతో చూసినా. రాత్రంతా నిద్ర పట్టలే నాకు."

లేని గేదెకు కంటితో చూసిన సాక్షి దొరకడం వీరేష్ ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. నోరు తెరిచేలోగా తవుడు కొనడానికి వచ్చిన ఉచ్చంగెమ్మ కళ్లొత్తుకుంటూ ముందుకొచ్చింది. ఆమెదీ ఆ కొట్టాలే.

"చంద్రికనా పోయింది? ఎంత చిక్కటి పాలు తల్లీ దానివి! నా మనవడు ఆ పాలతోనే లేచి నిలబడె. అయినా అన్నా, దాని దూడ గతేంది ఇప్పుడు?"

"దూడా?" అన్నాడు వీరేష్.

"నెల కూడా నిండలే పసిదానికి" అంది ఉచ్చంగెమ్మ హులిగెప్పతో. హులిగెప్ప నాలుక కరుచుకున్నాడు. దూడ సంగతే మర్చిపోయినందుకు సిగ్గుపడి, గ్లాసు అక్కడే పెట్టి, "నేను పట్టుకొస్తా, తండ్రి లేడు తల్లి లేదు" అంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు. వీరేష్ వద్దు వద్దని వీధి మొగదాకా పరిగెత్తాడు. అది చూసి హోటలు ముందున్నవాళ్లు, పాపం దూడను చూసే ధైర్యం లేదతనికి అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు లేచి ఓదార్చడానికి వచ్చారు. ఒకాయన తలా పది రూపాయలు వెయ్యమని తువ్వాలు పరిచాడు.

వీరేష్ గబుక్కున అంగట్లోకి తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. త్వరగా ఫారం రాసిచ్చి బయటపడడమే మార్గమనుకున్నాడు. పంపమ్మ ఇచ్చిన క్లెయిము కాగితం మీద కొట్టాలు, గేదె, వయసు ఏడేళ్లు అని గబగబా రాశాడు. కింద సంతకం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటు మానలేదు. వీరేష్ అని పొడవాటి తోకతో గీకేసింది.

"చెవి పోగు యాడ?" అంది పంపమ్మ. బీమా చేసిన ప్రతి పశువుకూ చెవికి నంబరున్న పోగు వేస్తారు. అది తెచ్చి చూపిస్తేనే క్లెయిము.

"పోయిందవ్వా."

"చెవే పోయిందా, పోగే పోయిందా?"

వీరేష్ ఆలోచిస్తుండగానే హులిగెప్ప వచ్చేశాడు. సైకిలు నడిపించుకుంటూ, ఇంకో చేత్తో తాడు పట్టి నిజంగానే ఒక దూడను లాక్కొచ్చాడు. కాలువ గట్టు మీద ఒంటరిగా తిరుగుతుంటే పట్టుకొచ్చాడట. తాడు వీరేష్ చేతికిచ్చి, కళ్లు తుడుచుకున్నాడు. దూడ వీరేష్ చొక్కా అంచు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టింది. చుట్టూ చేరినవాళ్లు వాసన పట్టింది చూడండ్రా అని ముచ్చటపడ్డారు.

ఆ ముచ్చట రెండు నిమిషాలైనా నిలవలేదు. వీధి చివరి నుంచి కొమ్ములు విసురుకుంటూ ఒక గేదె దౌడు తీస్తూ వచ్చింది. జనం చెల్లాచెదురయ్యారు. వీరేష్ తాడు వదిలేసి తవుడు బస్తాల మీదికి ఎగబాకాడు. గేదె తిన్నగా దూడ దగ్గరికెళ్లి దాన్ని నాకసాగింది. 

అందరికంటే ముందు తేరుకున్నది హులిగెప్పే. రాత్రంతా నిద్ర పట్టనంతగా శవాన్ని కళ్లారా చూసిన మనిషి, రెప్ప వాల్చకుండా రెండు చేతులూ పైకెత్తాడు.

"సావలేదప్పా! చంద్రిక బతికే ఉండాది! పొడిచేకి వస్తాందన్నావు కదా, అదే గుణం, చూడు!"

తువ్వాలు పరిచిన పెద్దమనిషి దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు. పంపమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అది తిప్పేశ్ ఎనుము. పోయిన వారమే నా దగ్గర చెక్క కొన్యాడు దానికి" అంది. "ఈ చుట్టుపక్కల యా ఇంట్లో ఎన్ని ఎనుములుండాయో నా తవుడు చెప్తాది. నీకు ఎనుము లేదు నాయనా. నిన్న లేదు, ఈ దినం లేదు. ఎనుమున్నోడు పాలు లీటర్లలో చెప్తాడు గానీ ప్యాకెట్లలో చెప్పడు. దిగు కిందికి."

వీరేష్ దిగాడు. ఇక దాచి లాభం లేదనుకుని, ఒళ్లంతా తవుడుతోనే, వీలైనంత హుందాగా నిలబడ్డాడు. "అవ్వా, నేను కంపెనీ ఆఫీసరు వీరేష్‌ను. తనిఖీకి వచ్చినా."

"దొరికిపోయినోళ్లంతా కంపెనీలో మావాడుండాడు అంటారు. నువ్వు ఇంకొక మెట్టు పైకెక్కితివి" అంది పంపమ్మ, కాగితం తీసి రాసుకుంటూ. "తప్పుడు క్లెయిమొస్తే అదే దినం కంపెనీకి తెలపల్ల. ఒప్పందంలో ఉండాది. నా కొడుకు చదవలే గానీ నేను చదివినా."

రాసింది, దాన్నీ క్లెయిము కాగితాన్నీ ఫోనుతో ఫోటో తీసింది, హెడ్డాఫీసుకు పంపేసింది. ఎంత వేగంగా పంపిందంటే, వీరేష్ "ఒక్క నిమిషం" అనడం పూర్తయ్యేసరికి అది చేరిపోయినట్టు గీతలు కూడా పడ్డాయి.

అప్పుడొచ్చాడు కేశవమూర్తి. మోటారుసైకిలు దిగుతూనే జనాన్నీ, గేదెనూ, తవుడు పూసుకున్న మనిషినీ చూసి బిత్తరపోయాడు. వీరేష్‌కు ప్రాణం లేచొచ్చింది.

"కేశవమూర్తీ! నేనప్పా, వీరేష్. నా గొంతు గుర్తు పట్టలేదా?"

గొంతు గుర్తుపట్టాడు. మొహంలో కనపడింది కూడా. పలకరించడానికి నోరు సగం తెరిచాడు. కానీ తల్లి అంతలోనే అడిగింది:

"ఈయన వీరేష్ సారేనా? మరి నువ్వు సంతకం పెట్టిన రిపోర్టుల్లో సారు ఐదు తూర్లు ఈ అంగడికొచ్చి టీ తాగినట్లుండాది కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈడే కూర్చునేదాన్ని, నేనెట్ల చూడలే? ఐదు తూర్లు వచ్చినోడు ఈ దినం ముగ్గుర్ని దారి అడిగినాడని హోటలోళ్లే చెప్తాండారు, అదెట్ల?"

కేశవమూర్తి తల్లిని చూశాడు, వీరేష్‌ను చూశాడు. ఈయన వీరేషే అంటే ఐదు సంతకాలూ అబద్ధమవుతాయి. ఏజెన్సీ పోతుంది. చేతులు జోడించి నేల చూపులు చూస్తూ, "వీరేష్ సారు నాకు బాగా తెలుసమ్మా. ఐదు తూర్లు వచ్చినారు. ఈయన... ఈయన కాదనుకుంటా" అన్నాడు.

వీరేష్ కార్డు కోసం జేబు తడిమాడు. అది ఇంట్లో బీరువాలో ఉంది. తను వీరేష్ కాడనడానికి రుజువుగా తను సంతకం పెట్టిన ఐదు కాగితాలే నిలబడ్డాయి. అరిచి కాదనాలంటే, నేనెప్పుడూ రాలేదని పదిమందిలో అరవాలి. ఇంకో లోటా మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది పంపమ్మ. తాగి స్టూలు మీద కూలబడ్డాడు. శుక్రవారానికి ఉద్యోగం ఉండదనీ, ఆ సంగతి అనుషకు ఎలా చెప్పాలనీ ఆలోచిస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి జాలిపడడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఫోను మోగింది. పంపమ్మ ఫోను. ఆవిడ స్పీకరు పెట్టింది.

"పంపమ్మగారా? హెడ్డాఫీసు నుంచి చంద్రిక మాట్లాడుతున్నాను."

హులిగెప్ప గుండె మీద చెయ్యి వేసుకుని గేదె వైపు చూశాడు.

"మీ ఉత్తరం చదువుతాను, సరేనా చూడండి. 'ఈ దినం పదిన్నరకు వీరేష్ అని పేరు చెప్పుకున్న ఒక మనిషి, నీలం గీతల చొక్కా, గడ్డం మీద ఎడమ పక్క మచ్చ, మా అంగడికొచ్చి చంద్రిక అనే ఎనుము చచ్చిందని అబద్ధం చెప్పినాడు. దానికి ఏడేండ్లనీ, మీద పడి పొడుస్తుందనీ...'" అవతల గొంతు ఆగింది.  "పొడుస్తుందని చెప్పినాడా?"

"మనస్ఫూర్తిగా చెప్పినాడమ్మా" అంది పంపమ్మ.

"ఆ మనిషి ఎదురుగా ఉన్నాడా? ఉంటే మాట్లాడమనండి."

"మేడం" అన్నాడు వీరేష్, దూడ కన్నా సన్నగా. తర్వాత ఏమనుకున్నాడో, మొత్తం చెప్పేశాడు. అంతకుముందు ఐదుసార్లూ తను తెక్కలకోట మొహం చూడలేదనీ, ఇక్కడ కిటికీలే లేవనీ, క్లెయిములు తేలుస్తున్నది కేశవమూర్తి కాదు, కంపెనీ ఒప్పందంలో పేరు కూడా లేని ఈ పెద్దావిడనీ, ఆవిడ్ని మోసం చెయ్యడానికి ఒక ఆఫీసరు, ఇద్దరు సాక్షులు, ఒక దూడ కలిసి ప్రయత్నించినా కుదరలేదనీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఒంటి మీది తవుడు బరువు తగ్గుతున్నట్టనిపించింది. పక్కన కేశవమూర్తి స్తంభానికి ఆనుకుని కిందికి జారిపోయాడు.

"రెండున్నరేండ్లలో నువ్విచ్చిన మొదటి రిపోర్టు ఇది వీరేష్" అంది చంద్రిక. "నువ్వు తెక్కలకోట పోయినావని నా దగ్గర ఉన్న రుజువు కూడా ఇదొక్కటే. పంపమ్మగారి ఉత్తరం. టైముంది, చొక్కా రంగుంది, మచ్చ ఉంది, క్లెయిము కాగితం మీద నీ తోక సంతకముంది. తప్పుడు క్లెయిము పెట్టినందుకు కాగితం మీద దొరికిపోయినావు కాబట్టి, పోయినావని నమ్ముతాను. రెగ్యులేటర్ వాళ్లకు ఇదే చూపిస్తాను, పాత ఐదింటి సంగతీ మనమే ముందు చెప్తాము."

అలా వీరేష్ ఉద్యోగం, అతని మీద వచ్చిన ఫిర్యాదు వల్ల నిలబడింది. ఒంటిగంటకు రావాల్సిన మనిషి ఆరింటికి, చొక్కా అంచు లేకుండా ఇల్లు చేరాడు. అనుష పప్పు మళ్లీ వేడి చేసింది.

శుక్రవారం వచ్చినవాళ్లు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, రెండోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చదివారు. తర్వాత హెడ్డాఫీసు మూడు ఆర్డర్లు వేసింది. కేశవమూర్తికి గట్టి హెచ్చరిక. క్లెయిములు తేల్చే అధికారం పంపమ్మకు లిఖితపూర్వకంగా అప్పగింత. ఇక వీరేష్‌కు ఏడాది పాటు ఇంక్రిమెంటు లేదు, పైగా నెలనెలా తెక్కలకోట వెళ్లాలి, అతను వచ్చాడని రాసే బాధ్యత పంపమ్మది.

మరుసటి నెల మంగళవారం వీరేష్ ఎవర్నీ దారి అడగకుండా అంగడికి వెళ్లాడు, కాగితాలన్నీ తిరగేశాడు, సాయంత్రం దాకా కూర్చున్నాడు. కంపెనీ మీద చట్టం పెట్టిన బాధ్యత నెరవేరిందనడానికి హెడ్డాఫీసు ఫైల్లో ఆ నెల చేరిన కాగితంలో పంపమ్మ చేతిరాతతో రెండే ముక్కలున్నాయి: "మనిషి వచ్చినాడు. అబద్ధాలు కొంచెం తగ్గినాయి."